సంపు ఒకటే, పోర్షన్లు ఆరు

కంటెయినర్, అంటే ఒకే కంప్యూటర్ లోపల ప్రోగ్రాములకు కట్టే విడి గది, లేపడానికి పది సెకన్లు చాలు. టెంప్లేటు ఒకసారి దించిపెట్టుకుంటే ఆ తర్వాత ఒక కమాండు, ఒక పేరు, అంతే. లోపల కొత్త సర్వరు లాంటిది లేచి కూర్చుంటుంది. ఈ సులువే మనకు చెరుపు చేసిందని చాలా ఏళ్లుగా నా బాధ.

అనంతపురం నుంచి, కడప నుంచి, చిత్తూరు నుంచి బెంగళూరు బస్సెక్కి వచ్చి, మారతహళ్లి పీజీల్లో గదికి ముగ్గురు చొప్పున ఉంటూ కోర్సులు చేసిన పిల్లలు ఇంటర్వ్యూకి నా ఎదురుగా కూర్చుంటారు. కంటెయినర్లు లేపే డాకర్‌లో రన్ కమాండు చెప్తారు. కంపోజ్ ఫైలు చెప్తారు. చాలా మెషీన్ల మీద కంటెయినర్లను నడిపించే కుబర్నెటిస్‌లో పాడ్ (కలిసి నడిచే కంటెయినర్ల మూట) అంటే ఏంటో గడగడా అప్పజెప్తారు. "ఆ కంటెయినర్‌కి మెమరీ ఎంత ఇచ్చావు నాన్నా?" అంటాను. "డిఫాల్టే సార్" అంటారు. డిఫాల్టు ఎంత అంటే మాత్రం మాట రాదు. డాకర్‌లోగానీ కంటెయినర్లు లేపే ఇంకో పనిముట్టు ఎల్ఎక్స్‌సీలోగానీ డిఫాల్టు అంటే హద్దు లేనట్టే. మనం రాయకపోతే ఆ ఒక్క కంటెయినరే మెషీన్లో ఉన్న మెమరీ మొత్తం తాగేయొచ్చు.

తప్పు ఆ పిల్లలది కాదు. నేర్పేవాళ్లు కంటెయినర్ లేపడంతో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తున్నారు. నా వాదన ఇదీ: సెటప్ అంటే హద్దులు రాయడం. మేనేజ్ చేయడం అంటే ఆ హద్దు ఎందుకు అంతే ఉందో ఆరు నెలల తర్వాత కూడా చెప్పగలగడం. మిగతా అంతా టైపింగు.

ఇది నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. మేము కేఆర్ పురంలో అద్దెకుండిన ఇల్లు నేర్పింది. ఆ ఇంట్లో ఆరు పోర్షన్లు. ఓనరమ్మది మదనపల్లి, అందరం అక్కా అనేవాళ్లం. కింద ఒకటే సంపు, మిద్దె మీద ఒకటే పెద్ద ట్యాంకు, ఒకటే మోటరు. ఎండాకాలం ట్యాంకరు నీళ్లే దిక్కు. కింది పోర్షన్లో ఎవరైనా కొళాయి కట్టేయడం మరిచి ఆఫీసుకు పోయారంటే, సాయంత్రానికి పైవాళ్లకు కాళ్లు కడుక్కోవడానికి కూడా చుక్క ఉండేది కాదు. తిట్టుకోవడాలు, తలుపులు ధడేలుమని వేసుకోవడాలు. ఒక ఏడాది అక్క విసిగిపోయి ఆ పెద్ద ట్యాంకు తీయించేసి, 500 లీటర్ల చిన్న ట్యాంకులు ఆరు పెట్టించింది. పొద్దున ఒకసారి మోటరు వేస్తే ఆరూ నిండుతాయి. ఎవరిది అయిపోతే వాళ్లకే ఇబ్బంది. సంపు మాత్రం ఉమ్మడిదే. అది ఎండితే అందరికీ ఎండినట్టే.

వర్చువల్ మెషీన్ అంటే విడిగా కట్టుకున్న ఇల్లు. దాని బోరు దానిది, అంటే దాని కెర్నల్ (మెమరీ, సీపీయూ అందరికీ పంచే ఆపరేటింగ్ సిస్టమ్ గుండె) దానిది. కంటెయినర్లు ఒకే కాంపౌండులో పోర్షన్లు. కెర్నల్ అనే సంపు అందరికీ ఒకటే. లైనక్స్‌లో ఈ పోర్షన్లు కట్టేవి రెండు వేర్వేరు పనిముట్లు. నేమ్‌స్పేసులు గోడలు కడతాయి: ఎవరికి ఏ ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రాములు) కనిపించాలి, ఏ నెట్‌వర్కు, ఏ ఫైళ్లు, ఏ హోస్ట్ పేరు. సీగ్రూపులు ట్యాంకులు పెడతాయి: ఎవరికి ఎంత మెమరీ, ఎంత సీపీయూ, ఎన్ని ప్రాసెస్‌లు. కంటెయినర్ లేపినప్పుడు గోడలు వాటంతట అవే లేస్తాయి. ట్యాంకు సైజు మాత్రం మనమే చెప్పాలి. గోడలు చూసి ఇల్లు వేరైందనుకోవడమే అసలు పొరపాటు.

చరిత్ర చూసినా మొదట వచ్చినవి గోడలే. 1979 నాటి యూనిక్స్‌లో క్రూట్ ఉంది, 2000లో ఫ్రీబీఎస్‌డీ జైల్స్ వచ్చాయి, 2001లో లైనక్స్ వీసర్వర్. ట్యాంకుల గురించి గట్టిగా పట్టించుకున్నది 2005లో బయటికొచ్చిన ఓపెన్‌వీజెడ్. చవక వీపీఎస్‌లు (అద్దె సర్వర్లు) కొన్నవాళ్లకు దాని యూజర్ బీన్‌కౌంటర్స్ ఫైలు గుర్తుండే ఉంటుంది. వనరుకు ఒక వరుస. ఇప్పుడెంత వాడుతున్నావు, గరిష్ఠంగా ఎంతదాకా పోయావు, మొదటి గీత ఎక్కడ, చివరి గీత ఎక్కడ, ఎన్నిసార్లు అడిగితే లేదన్నాం అని ఐదు అంకెలు. ఆ చివరి అంకె పేరు ఫెయిల్‌కౌంట్. కంటెయినర్ల గురించి నేను చూసిన పాఠాల్లో దాన్ని మించింది లేదు. ఒక్క పేజీలో మొత్తం సంసారం కనిపించేది.

మెయిన్ కెర్నల్లోకి సీగ్రూపులు 2008 జనవరిలో వచ్చాయి. పని మొదలుపెట్టింది గూగుల్ ఇంజనీర్లు. మెమరీకి హద్దు వేసే భాగం ఆ వెంటనే, అదే ఏడాది వచ్చిన తర్వాతి వెర్షన్‌లో చేరింది. ఆ కోడు ఉన్న ఫైలు ఇప్పుడు తెరిచినా పైన రెండు పేర్లు కనిపిస్తాయి: ఐబీఎం నుంచి బల్బీర్ సింగ్, ఓపెన్‌వీజెడ్ నుంచి పావెల్ ఎమెల్యానోవ్. సీపీయూను గుంపుల మధ్య న్యాయంగా పంచే భాగం మీద పనిచేసిన శ్రీవత్స వడ్డగిరి అప్పట్లో మన బెంగళూరులోని ఐబీఎం లైనక్స్ టెక్నాలజీ సెంటర్ మనిషి. ప్రపంచంలో ప్రతి డాకర్, ప్రతి పాడ్ కింద నడుస్తున్న ఈ పనిలో కొంత మన ఊళ్లోనే జరిగింది. ఈ ఊళ్లో చదువుకునే పిల్లలకు ఆ మాట ఎవరూ చెప్పకపోవడం నాకు నిజంగా కష్టంగా ఉంటుంది.

ఇక మా సంగతి. మాది చిన్న కంపెనీ, పన్నెండు మందిమి. స్కూళ్లకు ఫీజులు, హాజరు, ఐడీ కార్డుల సాఫ్ట్‌వేరు చేస్తాం. 2015లో ఎస్పీ రోడ్డులో పాత సర్వరు ఒకటి కొన్నాం, 64 జీబీ మెమరీది. దాని మీద ఉబుంటు వేసి ఎల్ఎక్స్‌సీతో ఏడు కంటెయినర్లు లేపాం. డేటాబేసుకు ఒకటి, అప్లికేషన్లకు రెండు, ఫొటోలకు ఒకటి, రిపోర్టులకు ఒకటి, మెయిలుకు ఒకటి, మానిటరింగుకు ఒకటి. ఏడింటికీ చక్కటి పేర్లు, వేరు వేరు ఐపీలు. హద్దు ఒక్కదానికీ లేదు. ఏడాది పాటు నిక్షేపంగా నడిచింది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

2016 జూన్‌లో ఒక సోమవారం, అడ్మిషన్ల రద్దీ. పదిన్నర ప్రాంతంలో ఫీజు కౌంటర్లన్నీ ఆగిపోయాయి. డేటాబేసు పడిపోయింది. రెండు నిమిషాల్లో తనంతట తనే లేచింది, మళ్లీ పడింది. లోపలికి వెళ్లి మా డేటాబేసు ప్రోగ్రాము మైఎస్‌క్యూఎల్ లాగు చూస్తే తప్పేమీ లేదు. లాగు వాక్యం మధ్యలో ఆగిపోయి, తర్వాతి వరుసలో "సరిగా మూయకుండా ఆగింది, కోలుకుంటున్నాను" అని మొదలవుతోంది. క్వెరీల్లో లోపం వెతికాం, డిస్కు చెక్ చేశాం. రెండు గంటలు ఆ కంటెయినర్ లోపలే కొట్టుకున్నాం. జవాబు ఆ లోపల లేదు. హోస్టు (కంటెయినర్లన్నిటినీ మోసే అసలు మెషీన్) మీద, కెర్నల్ తన మాటలు రాసుకునే డీమెసేజ్‌లో ఉంది: మెమరీ అయిపోయింది, మైఎస్‌క్యూఎల్‌ను చంపాను అని కెర్నల్ తేదీ, టైముతో సహా రాసి పెట్టింది.

మెమరీ తినేసింది డేటాబేసు కాదు, ఫొటోల కంటెయినర్. స్కూళ్లవాళ్లు ఆ రోజు వేలకొద్దీ ఫొటోలు ఒకేసారి ఎక్కించారు. ఫోను కెమెరాతో తీసినవి, 12 మెగాపిక్సెళ్లవి. ఫైలుగా చూస్తే 3 ఎంబీ. ఫొటోల సైజు మార్చే ఇమేజ్‌మ్యాజిక్ ప్రోగ్రాము దాన్ని మెమరీలో విప్పితే పిక్సెల్‌కు 8 బైట్లు, అంటే ఒక్కో ఫొటోకు దాదాపు 100 ఎంబీ. మా కోడు ఫొటోకొక ప్రాసెస్ లేపేది, ఎన్నయినా సరే. మూడొందలు ఒకేసారి లేచాయి, 30 జీబీ పోయింది. అప్పుడు ఓఓఎం కిల్లర్, అంటే మెమరీ అయిపోతే ఎవరినో ఒకరిని చంపే కెర్నల్ భాగం, నిద్ర లేచింది. అది కంటెయినర్లను చూడదు, విడి విడి ప్రాసెస్‌లను చూసి అన్నిట్లోకీ లావుగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. మూడొందల ఫొటో ప్రాసెస్‌లు ఒక్కొక్కటీ బక్కవే. 20 జీబీతో లావుగా కూర్చున్నది మైఎస్‌క్యూఎల్ ఒక్కటే. చేసింది ఒకరు, శిక్ష పడింది ఇంకొకరికి.

మా నానమ్మ "ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చింది" అనేది. అందరిదీ అయినదాన్ని ఎవరూ చూసుకోరని దాని అర్థం. ఆ సోమవారం మా మెషీన్ అలాంటి బర్రె.

ఫొటోల కంటెయినర్‌కు ఆ రాత్రే 4 జీబీ హద్దు వేశాం. అంతటితో అయిపోయిందనుకుంటే, మర్నాడు మెషీన్ మొత్తం నత్తనడక పట్టింది. ఎవరూ చావలేదు, కానీ ఎవరూ కదలడం లేదు. 4 జీబీ దాటిన ఫొటోలు స్వాప్‌లోకి, అంటే మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు జాగాలోకి పోతున్నాయి. స్వాప్ ఉన్న డిస్కు అందరిదీ. అప్పటి సీగ్రూపుల్లో మెమరీ హద్దు వేరు, మెమరీ ప్లస్ స్వాప్ హద్దు వేరు. పైగా ఆ రెండోది ఉబుంటులో డిఫాల్టుగా ఆపేసి ఉండేది, బూటు లైన్లో స్వాప్‌అకౌంట్=1 రాసి రీబూట్ చేస్తే తప్ప పనిచేసేది కాదు. ఇప్పుడు సీగ్రూప్ వెర్షన్ 2లో ఇది చాలా తేలికైంది. మెమరీ.మ్యాక్స్ ఒక ఫైలు, మెమరీ.స్వాప్.మ్యాక్స్ ఇంకో ఫైలు. రెండూ రాయాలి. ఒకటే రాసి నిద్రపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అప్పటినుంచి మేం పంచే పద్ధతి చెప్తాను. 64లో 4 హోస్టుకు పక్కన పెడతాం, అది ఎవరూ ముట్టకూడదు. డేటాబేసుకు 28, రెండు అప్లికేషన్లకు చెరి 8, రిపోర్టులకు 6, ఫొటోలకు 4, మెయిలుకూ మానిటరింగుకూ కలిపి 2. అన్నీ కూడితే 60. మిగిలిన 4 ఎవరికీ ఇవ్వం. జూన్‌లోనో పరీక్షల నెలలోనో ఎవరికో ఒకరికి అవసరం వస్తుంది. మెమరీ పంపకంలో ఉన్నదానికన్నా ఎక్కువ రాసివ్వడం మా దగ్గర నిషిద్ధం. "అందరూ ఒకేసారి వాడరు కదన్నా" అని ప్రతి కొత్త కుర్రాడూ అంటాడు. అందరూ ఒకేసారి వాడే రోజు కోసమే కదా సర్వరు కొన్నది.

సీపీయూ దగ్గర మాత్రం నాది సరిగ్గా దీనికి ఎదురు మాట. సీపీయూకు గట్టి కోటా వేయొద్దు, వెయిటు (పోటీ వస్తే ఎవరికెంత వాటా అన్న నిష్పత్తి) ఇచ్చి వదిలేయండి. రెంటి స్వభావమూ వేరు. సీపీయూ ఇప్పుడు ఇచ్చినా మరు మిల్లీసెకనులో వెనక్కి తీసుకోవచ్చు. మెమరీ ఒకసారి ఇచ్చాక, పట్టుకున్నవాడు వదిలితే తప్ప, స్వాప్‌లోకి తోయకుండానో చంపకుండానో తీసుకోవడం కష్టం. కోటా వేస్తే ఏమవుతుందంటే, 100 మిల్లీసెకన్ల గడువులో తన వాటా 20లోనే వాడేసుకున్న కంటెయినర్, పక్కన కోర్లన్నీ ఖాళీగా ఉన్నా మిగతా 80 చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఫీజు రసీదు కోసం నిలబడ్డ తండ్రికి ఆ ఆలస్యం ఎందుకు? వెయిటు అయితే పోటీ ఉన్నప్పుడే పనిచేస్తుంది, లేనప్పుడు అడ్డు రాదు. వాడకాన్ని బట్టి బిల్లు వేసే వ్యాపారం మీదైతే కోటా వేసుకోండి. సొంత మెషీన్ మీద సొంత పని చేసుకునేవాళ్లకు దాంతో పనిలేదు.

జావా వాడేవాళ్లకు ఒక మాట విడిగా చెప్పాలి, ఎందుకంటే మా రిపోర్టుల కంటెయినర్ మమ్మల్ని దీంతో నెల రోజులు తిప్పింది. ఏమీ చెప్పకపోతే జావా తన హీప్‌ను (తన డేటా పెట్టుకునే జాగాను) ఉన్న మెమరీలో నాలుగో వంతుకు పెట్టుకుంటుంది. పాత జావాకు సీగ్రూపులు తెలియవు. మేం ఇచ్చింది 6 జీబీ. దానికి కనిపించింది హోస్టుది, 64. అది 16 జీబీ దాకా పెరగొచ్చనుకుని వాడి వదిలేసిన మెమరీ చెత్త ఊడ్చుకోకుండా ధీమాగా కూర్చుంటే, 6 దగ్గర కెర్నల్ వచ్చి చంపేది. 137 అనే ఎగ్జిట్ కోడు కనిపిస్తే అది 128కి 9 కలిపిన సంఖ్య, అంటే ఎవరో కిల్ సిగ్నల్ 9 పంపారని గుర్తు. 2018లో వచ్చిన జావా 10 నుంచి ఇది సర్దుకుంది. పాత 8లో ఉన్నవాళ్లకు కూడా తర్వాతి అప్‌డేట్లలో వచ్చింది. అయినా హీప్ సైజు చేత్తో రాయడమే నాకిష్టం.

గ్రాఫులో కంటెయినర్ మెమరీ ఎప్పుడూ 95 శాతం చూపిస్తోందని కంగారుపడి ఫోన్ చేసేవాళ్లున్నారు. అందులో చాలా భాగం పేజ్ క్యాష్, ఫైళ్లు చదివినప్పుడు దాచుకున్నది. అవసరమొస్తే కెర్నల్ దాన్ని వదిలించేస్తుంది. చూడాల్సింది ఆ శాతం కాదు. 2018 చివర్లో కెర్నల్లోకి వచ్చిన ప్రెషర్ లెక్కలు చూడండి: మెమరీ కోసం ఎంత సమయం ఆగాల్సి వచ్చిందో అవి చెప్తాయి. నీళ్లు ఎన్ని ఉన్నాయన్న దానికన్నా కొళాయి దగ్గర ఎంతసేపు నిలబడ్డారన్నది అసలు సంగతి.

మా బావ బెళ్లందూరు వైపు పెద్ద కంపెనీలో ఉంటాడు. పండక్కి కలిస్తే ఈ వాదన తప్పదు. "ఇంకా ఒక్క మెషీన్ పట్టుకుని వేలాడతావేంటి బావా, కుబర్నెటిస్ వేసేయ్, నోడ్ పోతే ఇంకో నోడ్ మీద లేస్తుంది" అంటాడు. నోడ్ అంటే ఆ గుంపులో ఒక మెషీన్. అతని దగ్గర వందల మెషీన్లున్నాయి, పది టీములు రోజూ కోడు మారుస్తాయి. అక్కడ అది కావాలి, కాదనను. కానీ నా దగ్గర డేటాబేసు ఉన్నది ఒక్క డిస్కు మీద. నోడ్ పోతే ఆ డిస్కు కూడా పోయినట్టే, ఇంకెక్కడ లేస్తుంది? ఒక నోడ్ పోయినా ఆగకూడదంటే కుబర్నెటిస్ తన లెక్కలు దాచుకునే ఎట్సీడీకే మూడు మెషీన్లు కావాలి. పన్నెండు మంది కంపెనీలో ఆ మూడింటినీ చూసుకునే మనిషి ఎవరు? అన్నిటికన్నా ముఖ్యం, కుబర్నెటిస్ హద్దులు రాసే పని తప్పించదు. రిక్వెస్టూ (కనీసం ఇంత కావాలి) లిమిటూ (ఇంతకు మించొద్దు) రాయని పాడ్‌ను అది బెస్ట్ ఎఫర్ట్ కింద కట్టేసి, మెమరీ బిగిసినప్పుడు దాన్నే ముందు బయటికి తోస్తుంది. లిమిట్ రాస్తే అది చివరికి వెళ్లి పడేది నేను చేత్తో రాసే మెమరీ.మ్యాక్స్ ఫైల్లోనే. ఈ మాట అన్నప్పుడు బావ ఒప్పుకున్నాడు. వాళ్ల టీములో కూడా ఎక్కువ పేజర్లు మోగేది లిమిట్ రాయని పాడ్ల వల్లేనట.

హద్దుల్లో ఇంకొకటుంది, దాన్ని అంకెల్లో రాయలేం: ఎవరిని ఒకే కాంపౌండులోకి రానివ్వాలి. 2016 అక్టోబరులో డర్టీ కౌ అనే కెర్నల్ లోపం బయటపడింది. అది 2007 నుంచీ అందులోనే ఉంది. సంపులో విషం పడితే ఆరు ట్యాంకులున్నా ఏం లాభం? 2019 ఫిబ్రవరిలో కంటెయినర్లను లేపే రన్‌సీ ప్రోగ్రాములో లోపం బయటపడింది: కంటెయినర్ లోపలి రూట్ (సర్వాధికారాలున్న యూజరు), హోస్టు మీది రన్‌సీ ప్రోగ్రామునే తిరగరాసే వీలు. అందుకే మా కంటెయినర్లన్నీ అన్‌ప్రివిలేజ్డ్. లోపల రూట్ అనుకునేవాడు బయట 1,00,000 నంబరు మామూలు యూజరు. అయినా అది చాలదని నా నమ్మకం. ఒక స్కూలువాళ్లు తమ వేరే వెండరు సాఫ్ట్‌వేరును కూడా మా సర్వర్లోనే పెట్టమన్నారు. కంటెయినర్ ఇవ్వలేదు, కేవీఎం మీద విడి వర్చువల్ మెషీన్ ఇచ్చాం. కొంత మెమరీ వృథా అయింది, అవనీ. అమెజాన్ కూడా వేర్వేరు కస్టమర్ల కోడును ఒకే కెర్నల్ మీద నడపడం ఇష్టంలేకే కదా, 2018లో ఫైర్‌క్రాకర్ పేరుతో చిన్న చిన్న వర్చువల్ మెషీన్లు తెచ్చింది. సొంతవాళ్లకు పోర్షను, పరాయివాళ్లకు విడి ఇల్లు.

డిస్కు గురించి ఎక్కువ చెప్పను. ఒక్కో కంటెయినర్‌కు విడి ఎల్వీఎం వాల్యూమ్, లేదా జెడ్ఎఫ్ఎస్ కోటా, అంటే డిస్కులో దాని ముక్క దానికి. డాకర్ వాడితే లాగ్ ఫైలుకు సైజు పెట్టండి, ఏమీ చెప్పకపోతే ఆ ఫైలు డిస్కు నిండేదాకా పెరుగుతూనే ఉంటుంది. బ్యాకప్ నెలకోసారి వేరే మెషీన్ మీద రీస్టోర్ చేసి చూడండి. చూడని బ్యాకప్‌ను మేం లెక్కలోకి తీసుకోం.

కరెంటు సంగతి మాత్రం బెంగళూరులో ఉండేవాళ్లు పట్టించుకోవాలి. వానాకాలం గాలికి చెట్టు కొమ్మ విరిగి లైను మీద పడితే మూడు గంటలు కరెంటు ఉండదు, మా యూపీఎస్ నలభై నిమిషాలకు మించి ఆగదు. మళ్లీ కరెంటొచ్చాక ఏడు కంటెయినర్లూ ఒకేసారి లేస్తే డిస్కు కోసం తొక్కిసలాట. డేటాబేసు కోలుకునేలోగా అప్లికేషన్లు వచ్చి తలుపు కొడతాయి, దొరక్క చచ్చిపోతాయి. ఎల్ఎక్స్‌సీ కాన్ఫిగ్‌లో వరుస ఎవరిదో, మధ్యలో ఎంత ఆగాలో రాయడానికి రెండు లైన్లున్నాయి. డేటాబేసు ముందు, అరవై సెకన్లు ఆగి అప్లికేషన్లు, ఆఖర్న ఫొటోలు. అంత చిన్న పని. ఆ రెండు లైన్లూ రాసిన తర్వాత, కరెంటొచ్చిన అర్ధరాత్రి నేను స్కూటరేసుకుని ఆఫీసుకు వెళ్లింది లేదు.

ఇప్పుడు మా దగ్గర ప్రతి హద్దు పక్కనా ఒక కామెంటు లైను ఉంటుంది. ఎవరు పెట్టారు, ఎప్పుడు, ఏ లెక్కతో. "4 జీబీ, 30 ప్రాసెస్‌లు, ఒక్కోటి 100 ఎంబీ, పైన కొంచెం గాలి" అని ఫొటోలకు రాసింది పోయిన ఏడాది చేరిన హిందూపురం అమ్మాయి. ఇంటర్వ్యూలో తనూ డిఫాల్టే సార్ అన్న అమ్మాయే. లెక్క కట్టడం నేర్పడానికి ఒక పూట పట్టింది.

ఈ జూన్‌లో మళ్లీ అడ్మిషన్లొచ్చాయి. ఒక మంగళవారం మధ్యాహ్నం టీ తాగుతుంటే ఆ అమ్మాయి స్క్రీను చూపించింది. ఫొటోల కంటెయినర్ మెమరీ.ఈవెంట్స్ ఫైల్లో ఓఓఎం కిల్ పక్కన 3 అని ఉంది. కొత్త ఫోన్ల ఫొటోలు 50 మెగాపిక్సెళ్లవి వస్తున్నాయి. అలాంటిది ఒక్కటి విప్పితే 400 ఎంబీ, పాత లెక్క సరిపోవడం లేదు. ముప్పయ్ ప్రాసెస్‌లను పన్నెండుకు తగ్గించి, ఎవరికీ ఇవ్వకుండా ఉంచిన నాలుగులోంచి రెండు తీసి హద్దును 6 జీబీ చేసింది. పాత కామెంటు చెరపకుండా దాని కింద కొత్త లెక్క, తేదీ రాసింది. ఆ మధ్యాహ్నం ఫీజు కౌంటర్ల నుంచి ఒక్క ఫోనూ రాలేదు.